పానకాలు రికార్డులో పూర్వి

ఆ పొద్దున పానకాలు వేసుకున్న లెక్క చిన్నది. గ్రామ సచివాలయం తలుపు తీయగానే కుటుంబ ధ్రువపత్రం తీసుకోవాలి. పదకొండు గంటల బస్సుకి ఒంగోలు వెళ్లి మాజీ సైనికుల ఆఫీసులో దాన్ని ఇవ్వాలి. పొద్దుగూకేలోపు ఇంటికి రావాలి. వచ్చాక తినడానికి ఉంటుందని అన్నం వండి మూత పెట్టాడు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. వెళ్లొస్తానని చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు గనక తాళం వేసి, దాన్ని ఒకసారి లాగి చూసి బయలుదేరాడు.

పానకాలు సైన్యంలో వంతెనలు కట్టే దళంలో పనిచేసి నాయక్‌గా బయటికి వచ్చాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో అతన్ని కొన్నాళ్లు పక్క కంపెనీకి అప్పిచ్చారు. ఆ కంపెనీ తూర్పు సరిహద్దుకి వెళ్లి నది మీద వంతెన వేసింది. అతని సొంత కంపెనీ డిపోలో ఉండిపోయింది. మనిషి నదికి వెళ్లాడు గానీ కాగితం డిపోలోనే ఆగింది. యుద్ధం అయ్యాక, ఆ సరిహద్దున ఉన్నవాళ్లకి పూర్వీ స్టార్ అనే పతకం ఇచ్చారు. కాగితం ప్రకారం పానకాలు అక్కడ లేడు.

ఊళ్లో అతన్ని డిపో మిలట్రీ అనేవారు. అతను పట్టించుకోలేదు, ఎందుకంటే పిడుగురాళ్లలో ఖాజావలి ఉన్నాడు. ఆ నదిలో తాడుకి రెండో కొస పట్టుకున్నవాడు ఖాజావలి. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, "ఏరా, ఒళ్లు ఆరిందా?" అనేవాడు. పోయిన దసరా ముందు ఖాజావలి చనిపోయాడు. ఆ ఒడ్డున పానకాలు ఉన్నాడని చెప్పగల మనిషి ఇక పానకాలు ఒక్కడే మిగిలాడు. అప్పుడు అర్జీ పెట్టాడు. రికార్డు సరిచేయాలంటే ముందు కుటుంబ వివరాలు పంపమని జవాబు వచ్చింది.

సచివాలయంలో ఆ రోజు పంట నమోదుకి ఆఖరి గడువు. మిరప రైతులు గుమ్మందాకా నిలబడి ఉన్నారు. కంప్యూటరు ముందున్న శ్రీరమ్య తలెత్తకుండా అడిగింది.

"చెప్పండి తాతగారూ, మిరపా, పత్తా?"

"పంట కాదమ్మా. కుటుంబ ధ్రువపత్రం కావాలి. పూర్వీ స్టార్‌ని నా రికార్డులో చేర్పించుకోవాలి. పతకం."

ఆ వైపు నోళ్లలో పతకానికీ పథకానికీ తేడా ఉండదు. పథకం అనే మాట శ్రీరమ్య రోజంతా వింటుంది. పతకం అనే మాట ఆ గదిలో అంతకుముందు ఎవరూ అనలేదు.

"పథకం రావాలంటే ముందు కుటుంబంలో పేరుండాలండి. పూర్వి అన్నారా? పేరెక్కలేదా?"

"అదేనమ్మా నా ఏడుపు. యాభై ఏళ్ల పైమాట. ఎక్కలేదు."

"ఎప్పటినుంచి మీకు...?"

"డెబ్బై ఒకటి. బెంగాల్ బోర్డర్లో."

శ్రీరమ్య తలెత్తింది.

"మరి ఇన్నాళ్లూ ఏం చేశారండి?"

"ఎదురుచూశాను. అదే వస్తుందిలే అనుకున్నా."

"రాలేదా?"

"రాలేదమ్మా."

తెలుగులో ఆడమనిషి వచ్చినా పార్సిలు వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. రాకపోతే చెప్పే పనే లేదు, 'రాలేదు' అన్నిటికీ సరిపోతుంది. శ్రీరమ్యకి పెళ్లి కుదిరి నెల కాలేదు. ఆమె గొంతు తగ్గించింది.

"ఆధార్ ఉందాండి?"

"దానికి ఆధార్ ఎందుకమ్మా?"

"నిజమేలెండి, అప్పట్లో ఎవరికుంది! తాత్కాలికంగా ఎక్కిస్తాను. ఇంటిపేరు స్టారేనా?"

"స్టారే."

"ఇక్కడ వేలు పెట్టండి. పత్రం రేపొస్తుంది. ముందు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది."

వెనక నుంచి ఎవరో, "మిలట్రీ బాబాయ్, మమ్మల్ని కూడా బతకనీ!" అని అరిచారు. పానకాలు వేలు పెట్టి పక్కకి తప్పుకున్నాడు. రేపటికి పడింది గనక ఒంగోలు బస్సు ఎక్కలేదు.

మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. అక్షరాలు చిన్నవి. గోడ అవతల ఇంట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న లక్ష్మీదుర్గకి ఫోన్ అందించాడు.

"చదవమ్మా, చేరిందో లేదో."

లక్ష్మీదుర్గ చదివింది. చేతులు కొంగుకి తుడుచుకుని మళ్లీ చదివింది. పూర్వి స్టార్, భార్య, చేర్చబడినది అని ఉంది. ఆమె భార్య అన్న మాటని మాత్రం పైకి చదవలేదు.

"చేర్చారంట బాబాయ్. పూర్వి స్టార్ అంట."

"హమ్మయ్య! ఇన్నాళ్లకి!"

"మా పిన్నికి తెలుసా బాబాయ్, ఈ సంగతి?"

"తెలియకేం? పెళ్లైన కొత్తలోనే చెప్పాను. పాపం, పోయేదాకా అడుగుతానే ఉంది, ఎప్పుడొస్తుంది, ఇంకా రాలేదా అని. వస్తే గోడకి తగిలిద్దామనేది."

లక్ష్మీదుర్గ ఫోన్ తిరిగిచ్చేసింది. పిన్ని అంత గట్టి మనిషని ఆమెకి అంతవరకు తెలియదు.

కల్లాల్లో కాయలు ఎండుతున్న రోజులు. ఆడవాళ్లందరూ ఒకచోటే కూర్చుని ఏరుతుంటారు. కబురు పది బారల దూరం వెళ్లాలంటే ఎవరూ లేవనక్కర్లేదు. మూడో కల్లం దాటేసరికి పూర్వి బెంగాలీ పిల్ల అయింది. అయిదో కల్లానికి రైలెక్కింది. చీకటి పడకముందే పొరుగూరి నుంచి పానకాలు బామ్మర్ది బుల్లయ్య మోపెడ్ మీద దిగాడు. బండికి స్టాండు వేయడం కూడా మరిచిపోయాడు. అది పడిపోయింది.

"బావా! మా అక్క పోయి నిండా నాలుగేళ్లు కాలేదు!"

"ఏమైందిరా?"

"ఏమైందా? డెబ్బై ఒకటి నుంచంట! మా అక్కని నువ్వు చేసుకుంది డెబ్బై నాలుగులో. అంటే మా అక్క రెండోదా? మా నాన్న రెండో సంబంధానికిచ్చాడా? మా ఇంటా వంటా ఉందా అది?"

పానకాలుకి విషయం తలకెక్కడానికి కొంత సేపు పట్టింది. ఎక్కాక నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

"ఒరేయ్ బుల్లయ్యా, అది ఆడది కాదురా. మెడల్!"

"గవర్నమెంటోళ్లు భార్య అని రాస్తే మెడల్ అంటావేంటి?"

"స్టార్ అంటే చుక్కరా. చొక్కాకి పెట్టుకుంటారు."

"భార్యని చొక్కాకి పెట్టుకుంటారా! పైగా యుద్ధంలో ఇచ్చారంటావు. నువ్వు యుద్ధానికెప్పుడెళ్లావు? నువ్వు ఉంది డిపోలో. పెళ్లిచూపులప్పుడు మా మేనమామ చెప్పలా?"

పానకాలు నవ్వు ఆపేశాడు. "నేను నది దగ్గరున్నానురా," అన్నాడు. బుల్లయ్య అప్పటికే బండి లేవనెత్తుతున్నాడు.

మర్నాడు సచివాలయం తలుపు తీసేసరికి పానకాలు మెట్ల మీద ఉన్నాడు. విషయం విని శ్రీరమ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో తాతగారూ, ఒత్తు లేని పతకమా!"

"ఒత్తు సంగతి నాకు తెలియదు గానీ, పేరు తీసెయ్యమ్మా."

"చేర్చడం తేలికండి. తీయాలంటే కంప్యూటరు కారణం అడుగుతుంది. మూడే ఉన్నాయి. పెళ్లై అత్తారింటికి వెళ్లడం, వలస, మరణం."

"పొరపాటున ఎక్కింది అని లేదా?"

"లేదండి. పొరపాటు జరుగుతుందని వాళ్లు అనుకోలేదు."

"వలస పెట్టు."

"ఏ ఊరు వెళ్లిందో అడుగుతుందండి. ఆ ఊరివాళ్లు వచ్చిందని ఒప్పుకోవాలి."

"పెళ్లి చేసేద్దామా పోనీ?"

"మీ భార్యకాండి?"

గది నిండా మళ్లీ మిరప రైతులే. రేషన్ కార్డు పని మీద వచ్చిన లక్ష్మీదుర్గ కూడా గోడ పక్కన నిలబడి ఉంది.

"చచ్చిపోయిందని రాసెయ్యమ్మా," అన్నాడు పానకాలు.

రైతుల్లో ఒకాయన తలగుడ్డ తీశాడు.

"ఎక్కడ అని అడుగుతోందండి," అంది శ్రీరమ్య.

"బెంగాల్ బోర్డర్లోనే. ఇంకెక్కడ?"

పత్రం అచ్చయ్యేసరికి సాయంత్రమవుతుందని, ఇంటికి వెళ్లేటప్పుడు తనే తెచ్చిస్తానని శ్రీరమ్య చెప్పింది. పానకాలు మధ్యాహ్నందాకా టీకొట్టు దగ్గర ఆగాడు. టీ పోసినతను డబ్బులు తీసుకోలేదు. ఎందుకో పానకాలుకి అర్థం కాలేదు. ఇంటి సందు మలుపు తిరిగాక అర్థమైంది. అతని గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. పాతికమందికి తక్కువ లేరు. తాళం వేసి ఉంది గనక అందరూ బయటే కూర్చున్నారు.

"చావు ఎప్పటిదైనా కబురు తెలిసిన రోజే మైల బాబాయ్," అంది లక్ష్మీదుర్గ. "నువ్వు పొయ్యి వెలిగించమాక. నీళ్లు తోడి పెట్టాం."

చావింటికి వెళ్లి కూర్చోవడాన్ని ఆ ఊళ్లో పలకరింపు అంటారు. కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో పానకాలు భార్య వెంకాయమ్మ గుంటూరు ఆసుపత్రిలో పోయింది. అటునుంచి అటే తీసుకెళ్లారు. ఎవరింటికీ ఎవరూ వెళ్లకూడదని చెప్పారు, వెళ్లలేదు. తర్వాత వెళ్లవచ్చన్నారు గానీ అప్పటికి చావు పాతబడింది. పానకాలుని ఎవరూ పలకరించలేదు. కుర్చీలు అప్పుడు పంచాయతీ గదిలోనే ఉన్నాయి.

అతను తాళం తీశాడు. అందరూ లోపలికి వచ్చారు. "చూడండమ్మా, అది మనిషి కాదు, మెడల్" అని మొదలుపెట్టాడు. "ఊరుకో బాబాయ్, ఇంకా దాచేదేముంది!" అని నలుగురు ఒకేసారి ఓదార్చారు. రెండోసారి చెప్పాడు. లక్ష్మీదుర్గ కళ్లు ఒత్తుకుంది. అప్పుడే బుల్లయ్య వచ్చాడు. ఈసారి బండికి స్టాండు వేశాడు. చేతిలో అన్నం క్యారియర్ ఉంది.

"నిన్న తొందరపడ్డా బావా. మనసులో పెట్టుకోమాక. ఎంతైనా మా అక్కకి అక్కంటే నాకూ అక్కే గదా."

పానకాలు తల పట్టుకున్నాడు. అది దుఃఖమని అందరూ అనుకున్నారు. ఎంత పొరపాటో చెప్పడం కష్టం.

బుల్లయ్య పక్కన కూర్చుని మోకాలి మీద చెయ్యి వేశాడు. "చెప్పు బావా. అసలెక్కడ?"

పానకాలు చుట్టూ చూశాడు. పాతికమంది అతని నోటివైపు చూస్తున్నారు. వెంకాయమ్మ పోయాక ఆ ఇంట్లో ఒకేసారి ఇద్దరు కూర్చున్నది లేదు. అబద్ధం చెప్పకూడదనుకున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"డిసెంబరు. నది. మేం వంతెన వెయ్యాలి. నీళ్లు ఇక్కడిదాకా, గుండెల మీదికి. తాడుకి ఈ కొస నేను, ఆ కొస ఖాజావలి. తెల్లారేసరికి ఫిరంగులు దాటాలన్నారు. అవతలి ఒడ్డునుంచి కాలుస్తున్నారు. మా ముందున్న పిల్లాడు పడిపోయాడు. వాడిది తమిళనాడు. వాణ్ణి పట్టుకుంటే తాడు పోద్ది, తాడు పట్టుకుంటే వాడు పోతాడు."

"ఏం చేశావు?" అన్నాడు బుల్లయ్య.

"తాడే పట్టుకున్నా."

వీధిలో ట్రాక్టరు ఒకటి వెళ్లింది. అది వెళ్లేదాకా పానకాలు ఆగాడు.

"తెల్లారింది. వంతెన నిలబడింది. అన్నీ దాటాయి. ఒళ్లంతా వణుకు. ఖాజావలి వాడి దుప్పటి నాకు కప్పాడు."

"మరి... అది?" అని అడిగింది లక్ష్మీదుర్గ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"అక్కడే దక్కాలి నాకు," అన్నాడు పానకాలు. "దక్కలేదు."

వెనక వరసలో ముసలావిడ ఒకామె గొంతెత్తి ఏడ్చింది. బుల్లయ్య ముక్కు చీదాడు.

"అయితే బావా, నువ్వు యుద్ధంలో ఉన్నావన్నమాట."

"ఉన్నాను."

"ఉండబట్టేగా ఆవిడ తగిలింది! డిపోలో కూర్చున్నోడికి బోర్డర్లో మనిషెట్టా పరిచయమవుద్ది? యాభై ఏళ్లు డిపో మిలట్రీ అన్నాం గద బావా నిన్ను!" అని బుల్లయ్య జనం వైపు తిరిగాడు. "ఇకమీదట ఎవడన్నా డిపో అంటే నాతో చెప్పండి."

పొద్దువాలుతుండగా శ్రీరమ్య స్కూటీ ఆపి లోపలికి వచ్చింది. కుర్చీలు, జనం, క్యారియర్ చూసి నోరు తెరిచింది. ఆమె మాట్లాడేలోపు పానకాలు లేచి కాగితం అందుకున్నాడు. వెలుగులోకి పట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. పైన ప్రభుత్వ ముద్ర ఉంది. నాయక్ పానకాలు, మాజీ సైనికుడు. కింద వరసలో పూర్వి స్టార్. 1971 నుంచి. బెంగాల్ సరిహద్దు. ఆ మూడు మాటలూ తన పేరు కింద ఉన్న సర్కారు కాగితం అతను చూడడం అదే మొదలు. భార్య, మృతి అని కూడా ఉంది. అది చివర ఉంది.

"తప్పులుంటే ఇప్పుడే చెప్పండి తాతగారూ," అంది శ్రీరమ్య మెల్లగా. "తర్వాత మార్చడం కష్టం. పైవాళ్లకి రాసి చూస్తాను, తప్పు నాదే కదా."

"ఏం తప్పుల్లేవమ్మా. కూర్చో. కాఫీ ఉంది."

శ్రీరమ్య కూర్చుంది. లక్ష్మీదుర్గ ఆమెకి గ్లాసు అందించింది. చీకటి పడుతోందని ఒకరిద్దరు లేవబోయారు. బుల్లయ్య క్యారియర్ విప్పుతూ తలెత్తి, పెద్దకర్మ ఎప్పుడు పెడదాం బావా అని అడిగాడు.

పానకాలు క్యాలెండరు చూసి, ఆదివారమైతే అందరూ రావడానికి వీలుగా ఉంటుందన్నాడు.