తవ్వితేనే శిలాజం

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ భవనం నేల మీద మరక అన్నది ఉండటానికి వీల్లేదు. నెలాఖరులోగా మరకైనా పోవాలి, మనిషైనా పోవాలి."

అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటు గారు ఈ మాట అనగానే సభ్యులంతా చప్పట్లు కొట్టారు. ఏ మరక సంగతో సగం మందికి తెలియదు. తెలియదని పక్కవాళ్ళు పసిగడతారేమోనని వాళ్ళే ఇంకాస్త గట్టిగా కొట్టారు.

మరక కింది అంతస్తులో టైలరమ్మ గుమ్మం ముందుంది. బూడిదరంగు రాతి పలక మీద, అరచేతి వెడల్పున, చుట్టలు చుట్టుకుని ఉంటుంది. భవనం కట్టిన నాటి నుంచీ అక్కడే ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని తొక్కుకుంటూ లిఫ్టు ఎక్కిన ప్రెసిడెంటు గారికి ఈ మధ్యే అది కంట్లో నలుసైంది. ఎందుకో ఆయన ఎవరికీ చెప్పలేదు. మనకేం మొహమాటం, చెప్పుకుందాం. కారణం ఆయన బావమరిది.

"నాలుగు రోజులుండి వెళ్తాను బావగారూ" అంటూ చిన్న సంచీతో దిగాడు ఆ మహానుభావుడు. ఆ తర్వాత ఎండలు వచ్చి పోయాయి, వానలు వచ్చి పోయాయి, అతను మాత్రం పోలేదు. పగలంతా హాల్లో సోఫా మీద వెల్లకిలా పడుకుని లావుపాటి పుస్తకాలు చదువుతాడు, పేజీ తిప్పినప్పుడల్లా కాఫీ అడుగుతాడు. సొంత సోఫాలో నడుం వాల్చే యోగం లేక ప్రెసిడెంటు గారు భోజనాల బల్ల దగ్గర వంకరగా కూర్చుని టీవీ చూసీ చూసీ మెడ పట్టేయించుకున్నారు. పొమ్మందామంటే ఇంట్లో ఆవిడొకరు. "మా తమ్ముడు మీకు బరువయ్యాడా అండీ?" అని ఒక్క ముక్క అడిగి వంటింట్లో గిన్నెల చేత మిగతాది మాట్లాడిస్తుంది.

టైలరమ్మ అద్దెకుంటున్న రెండు గదులూ ఖాళీ అయితే బావమరిదిని సగౌరవంగా కిందికి దించేయవచ్చు. ఫ్లాటు యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు. సంఘం మాటే నా మాట అనేశాడు. ఇక కావలసిందల్లా ఒక నేరం. వెతికితే కాళ్ళ కిందే దొరికింది.

"ఇస్త్రీపెట్టె నేల మీద పెట్టావమ్మా. మచ్చ పడింది" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఇస్త్రీపెట్టె ముక్కు కోసుగా ఉంటుందండీ. ఇది గుండ్రంగా ఉంది కదా?"

"నేరం గుండ్రంగా ఉన్నంత మాత్రాన నేరం కాకుండా పోదు. నెలాఖరులోగా మరక పోకపోతే గదులు ఖాళీ చేయాలి."

"ఈ వయసులో మిషనెత్తుకుని ఎక్కడికి పోనండీ? ఈ గుమ్మం తెలిసే కదా నాలుగు బట్టలొస్తున్నాయి."

"అది సంఘం పరిధిలోకి రాదు" అని ఆయన లిఫ్టు ఎక్కారు.

పాపం టైలరమ్మ సబ్బుతో రుద్దింది, నిమ్మచెక్కతో రుద్దింది, గరుకు కాగితంతో రుద్దింది. రుద్దినకొద్దీ చుట్టలు ఇంకా తేటగా బయటపడ్డాయి. కళ్ళనీళ్ళు పెట్టుకుని మళ్ళీ రుద్దబోతుంటే, కోటు చేతులు కురచ చేయించుకుందామని భూగర్భశాస్త్రం మేడమ్ వచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. గుమ్మం దగ్గరే ఆగి, నేల మీద చతికిలబడి, ఫోను లైటు వేసి చూసింది.

"రుద్దకండమ్మా. ఇది మరక కాదు. ఒకప్పుడు సముద్రంలో బతికిన ప్రాణి, ఇంచుమించు నత్తలాంటిది. బురదలో కూరుకుపోయి రాయైపోయింది. శిలాజం అంటాం. పలక కోసి నునుపు చేసినప్పుడు ఇలా బయటపడింది."

"అంటే నేను చేసింది కాదన్నమాట."

"మీరు కాదు కదా, మీ ముత్తవ్వకి ముత్తవ్వ కూడా కాదు. అప్పటికి మనుషులే లేరు."

ఈ కబురు లిఫ్టు కన్నా ముందు అన్ని అంతస్తులూ ఎక్కేసింది. జనం దిగివచ్చి గుంపుగా నిలబడ్డారు. రెండో అంతస్తు పెద్దాయన తనకు మొదటి రోజే అనుమానం వచ్చిందన్నాడు. మూడో అంతస్తు ఆవిడ, చెప్పడం దేనికని ఊరుకున్నానంది. మొన్న చప్పట్లు కొట్టిన చేతులే ఇప్పుడు నత్తతో ఫొటోలు దిగాయి.

ప్రెసిడెంటు గారు లెక్క వేసుకున్నారు. మరక కాకపోతే నేరం లేదు, నేరం లేకపోతే గది లేదు, గది లేకపోతే సోఫా లేదు. కానీ ఆయన ఊరికే ప్రెసిడెంటయ్యారా? సాయంత్రానికల్లా గొంతు సవరించుకున్నారు.

"ఇది నేను కనుగొన్న వారసత్వ సంపద. దీని చుట్టూ తాడు కట్టాలి."

తాడు సరిగ్గా టైలరమ్మ తలుపుకి అడ్డంగా కట్టారు.

"మరి నేను బయటికెలా రావాలండీ?"

"తప్పనిసరైతేనే రా అమ్మా. కోట్ల ఏళ్ళ చరిత్ర ముందు నీ గుండీలూ కాజాలూ ఎంత?"

ఆదివారం ఆవిష్కరణ సభ అని ప్రకటించారు. వార్డు కౌన్సిలర్ ముఖ్య అతిథి. ప్రెసిడెంటు గారు ఉపన్యాసం వల్లెవేసుకుంటుంటే సోఫాలోంచి బావమరిది గొంతు వినపడింది.

"బావగారూ, ఫాసిల్ అంటే ఏమిటో తెలుసా?"

"ఎందుకు తెలీదు? శిలాజం. శిలలో పుట్టింది."

"అది మన మాట. అసలు మాట లాటిన్‌ది. తవ్వి తీసినది అని అర్థం. వెనకటి రోజుల్లో నేల తవ్వితే ఏం దొరికినా ఆ పేరే. రాయైనా అదే, ఖనిజమైనా అదే. ప్రాణుల ఆనవాళ్ళకి మాత్రమే వాడటం తర్వాత వచ్చిందట." అతను నిఘంటువు గుండెల మీద వాల్చుకున్నాడు. "మరి మనదాన్ని ఎవరూ తవ్వలేదే?"

ప్రెసిడెంటు గారు ఉపన్యాసం కాగితం పక్కన పెట్టారు. నిజమే. సభలో చదువుకున్నవాడెవడైనా లేచి, తవ్వనిదాన్ని ఆ పేరుతో ఎలా పిలుస్తారని అడిగితే పరువేం కాను? అంతలోనే ఇంకో సంగతి తట్టి ముఖం వెలిగిపోయింది. గుమ్మం ముందు గొయ్యి పడితే టైలరమ్మ తనంతట తనే ఖాళీ చేస్తుంది.

వెంటనే సంఘాన్ని పిలిచారు. "మిత్రులారా, మన శిలాజానికి అర్హత చాలడం లేదు. లాటిన్ ప్రకారం దీన్ని తవ్వి తీరాలి" అన్నారు. అందరూ లాటిన్‌తోనే పాలు తాగి పెరిగినవాళ్ళలా తలలూపారు.

టైలరమ్మ ఫోన్ చేస్తే మేడమ్ పరుగున వచ్చింది. "అది మాట పుట్టుక సంగతండీ. మాట కోసం వస్తువుని పగలగొడతారా? ఉన్నచోట ఉంచితేనే దానికి విలువ."

"మేడమ్, మీకు శాస్త్రం తెలిసి ఉండొచ్చు. మాకు మర్యాద తెలుసు" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఆదివారం వచ్చింది. షామియానా వేశారు, మైకు పెట్టారు. కౌన్సిలర్ రిబ్బను కట్టిన సుత్తితో పలకని ముద్దుగా తట్టి ఫొటో దిగాడు. అసలు తవ్వకానికి మేస్త్రీని పిలవలేదు. కీర్తి ఇంటి గడప దాటిపోకూడదు కదా. నెలాఖరుకి గదులిప్పిస్తానని ఆశపెట్టి బావమరిదినే దింపారు. అతను సోఫా మీంచి లేచి నిలబడితే అక్కగారు మురిసిపోయింది.

అతను ఉలి ఆనించి, సుత్తి నెత్తి మీదికెత్తి, ఇన్నాళ్ళ విశ్రాంతినంతా కూడగట్టుకుని ఒక్క దెబ్బ వేశాడు.

పలక నాలుగు ముక్కలైంది. సముద్రం ఎండినా చెక్కుచెదరని నత్త, కింద పడ్డ బిస్కట్టులా పొడిపొడిగా రాలిపోయింది. బావమరిది వంగినవాడు వంగినట్టే ఉండిపోయి, "అక్కా, నడుం" అన్నాడు.

"ఏదండీ శిలాజం?" అన్నాడు కౌన్సిలర్ గోతిలోకి తొంగిచూసి.

సభ్యులు ఒకరి వెనక ఒకరు జరిగారు. మేడమ్ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని పొడిని చేతిరుమాల్లోకి ఎత్తుకుంటోంది. "దీన్ని పగలగొట్టిందెవరో కాలేజీ తరఫున పైఅధికారులకి రాసి పంపిస్తాను. పేర్లు కావాలి" అంది.

ప్రెసిడెంటు గారు మైకు అందుకున్నారు.

"శిలాజమా? అలా ఎవరన్నారండీ? ఇది వట్టి మరక. ఈవిడ ఇస్త్రీపెట్టె పెట్టి చేసిన మరక. ఈ రోజు మన కౌన్సిలర్ గారి చల్లని చేతుల మీదుగా దాన్ని సమూలంగా తొలగించాం. ఇది పరిశుభ్రతా కార్యక్రమం."

కౌన్సిలర్ హమ్మయ్య అనుకుని చప్పట్లు కొట్టాడు. సభ్యులూ కొట్టారు. మరకేనని మొదట్నుంచీ అంటూనే ఉన్నానన్నాడు రెండో అంతస్తు పెద్దాయన.

టైలరమ్మ తాడు కింద నుంచి దూరి బయటికొచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"మరకేనంటారా అండీ?"

"ముమ్మాటికీ మరకే."

"అందరి ముందూ చెబుతున్నారు కదా?"

"సభాముఖంగా చెబుతున్నాను."

"మరకైనా పోవాలి, మనిషైనా పోవాలి అన్నారు. నెలాఖరు ఇంకా రాలేదు, మరక పోయింది. మీరే పోగొట్టారు. కౌన్సిలర్ గారు సాక్షి." ఆమె గోతి వైపు చూసింది. "ఇక నేను పోనండీ. ఆ గొయ్యి తొందరగా పూడ్పించండి, బట్టలిచ్చేవాళ్ళు పడిపోతారు."

"న్యాయమేగా ప్రెసిడెంటు గారూ" అన్నాడు కౌన్సిలర్.

ప్రెసిడెంటు గారు కాదు, అది శిలాజమేనని అనబోయారు. చేతిరుమాలు మూట కట్టుకుంటున్న మేడమ్ తలెత్తి చూసింది. పగలగొట్టినవాళ్ళ పేర్లు కావాలన్న మాట గుర్తొచ్చి ఆయన మైకు కింద పెట్టేశారు.

బావమరిదిని నలుగురు పట్టుకుని పైకి మోసుకొచ్చి సోఫాలో దించారు. డాక్టరు వచ్చి వెన్ను నొక్కి చూశాడు.

"ఎక్కడున్నవాణ్ణి అక్కడే ఉంచండి. కదిపితే మొదటికే మోసం. ఈ ఒంటితో ఇతన్ని రాళ్ళు కొట్టే పనికి పంపిందెవరండీ?"

అక్కగారు భర్త వంక చూసింది. వంటింట్లో గిన్నెలు కూడా మోగలేదు. ప్రెసిడెంటు గారికి అంత భయం ఎప్పుడూ వేయలేదు.

"ఎన్నాళ్ళుంచాలి డాక్టరు గారూ?" అని అడిగారు.

"ఇప్పుడే చెప్పలేం. ఒక్కోసారి ఏడాదైనా పట్టొచ్చు."

డాక్టరు వెళ్ళిపోయాక ఆయన నెమ్మదిగా భోజనాల బల్ల దగ్గరికి నడిచి, తన వంకర కుర్చీలో కూలబడ్డారు.

"బావగారూ, మీరు ఊరికే కూర్చున్నారు కదా" అన్నాడు బావమరిది కళ్ళు మూసుకునే, "టీవీ కాస్త ఇటు తిప్పరూ?"

సంఘం ప్రెసిడెంటు గారు లేచి వెళ్ళి టీవీ అటు తిప్పారు.