మెక్సికో దాకా ఆనిన కన్ను

కోదాడ పట్టణంలోని మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున, కార్యదర్శి హోదాలో నేను తెలియజేయునది ఏమనగా: ఎరువుల దుకాణం సత్యనారాయణ గారి తల్లి సాయమ్మ గారి కుడికన్ను గురించి పట్టణంలో రకరకాల మాటలు వినిపిస్తున్నందున, జరిగింది జరిగినట్టు రాయమని సంఘం నన్ను కోరింది. జరగనిది కలపవద్దని ఎవరూ చెప్పలేదు. అయినా నేనేమీ కలపలేదు, ఆ అవసరం పడలేదు.

ముందుగా ఫ్లెక్సీ సంగతి చెప్పాలి. సత్యనారాయణ గారి అబ్బాయి యుగంధర్‌కు హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం. ఎక్కడ కూర్చునైనా పని చేసుకోండని కంపెనీ వాళ్లన్నారు. అయితే మెక్సికో దేశంలోని ప్యూబ్లా నగరంలో కూర్చుంటానని ఆ అబ్బాయి ఒక ఉదయం ఇంట్లో అన్నాడు. సాయంత్రానికి బస్టాండు ఎదుట ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. "కోదాడ తొలి డిజిటల్ నోమాడ్, మెక్సికో వాస్తవ్యులు శ్రీ యుగంధర్ గారికి హార్దిక శుభాకాంక్షలు." దాని కింద మా ముప్పై రెండు మంది ముఖాలు. వాక్యం నాదే. మా వైపు ముందు ఫ్లెక్సీ వెళ్తుంది, మనిషి వెనక వెళ్తాడు. ఇది తరతరాల ఆచారం కాదు గానీ, తరతరాల ఆచారాలకంటే గట్టిది.

సన్మాన సభలో మా సంఘం అధ్యక్షులు జవహర్ గారు ప్రసంగించారు. "డిజిటల్ నోమాడ్ అంటే ఎవరండీ? ఇవాళ ఈ ఊరు, రేపు ఇంకో ఊరు. ఇల్లుండదు, వాకిలుండదు. దిగినచోటే మకాం! మన బిడ్డ అంతటి స్థాయికి ఎదిగాడంటే మనందరికీ గర్వకారణం కాదా?" చప్పట్లు మోగాయి. గొర్రెల మందలతో వచ్చి మా కాలనీ ఖాళీ జాగాలో దిగిన నాలుగు కుటుంబాలను తక్షణం వెళ్లిపొమ్మని తీర్మానించింది కూడా ఆ వారమే. వాళ్ల దగ్గర ల్యాప్‌టాప్‌లు లేవు.

యుగంధర్‌కు ఏడు శాలువాలు కప్పి, పదకొండు కార్లలో శంషాబాద్ దాకా వెళ్లి సాగనంపాం. ఒక్కటే లోటు, వీసా రాలేదు. ఏదో కాగితం తక్కువైందని, ఆరు నెలలాగి మళ్లీ రమ్మని రెండు రోజుల ముందే చెప్పారట. ఆ మాట చెబుదామని పాపం అతను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు శాలువా కప్పారు. విమానాశ్రయంలో మేము చెయ్యూపి వెనక్కి తిరిగాం. కాసేపటికి అతనూ వెనక్కి తిరిగాడు. బస్సెక్కి మిర్యాలగూడలో దిగాడు. ఇదంతా అతను తరువాత చెప్పిందే. సంఘం నమ్మలేదు కనుక పాఠకులు దీన్ని అనధికారికంగా చదువుకోవాలి.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాడు. కిటికీ తీస్తే మిల్లు బూడిద వచ్చి ల్యాప్‌టాప్ మీద పడేది. ప్యూబ్లా దగ్గర నిజంగానే ఒక అగ్నిపర్వతం ఉండటం, అది అప్పుడప్పుడు బూడిద చిమ్మడం అతని అదృష్టం. "ఇవాళ కొండ కాస్త బూడిద పోసింది" అని కిటికీ ఫోటో పెడితే మా కాలనీ గ్రూపులో నలభై మంది దండాలు పెట్టారు. ఇద్దరు ముందుజాగ్రత్తగా ఇక్కడే ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు. వీధి చివర రూప్లా అనే ఆయన మొక్కజొన్న పిండితో మక్కరొట్టెలు కాల్చి అమ్ముతాడు. ఆ రొట్టె ఫోటో పెట్టి, "ఇక్కడ దీన్ని టోర్టియా అంటారు" అని రాశాడు. జవహర్ గారు ఫోటోను పెద్దది చేసి చూసి, "మన మక్కరొట్టె లాగే ఉంది గానీ, ఆ రుచే వేరు" అన్నారు. ఫోన్‌లో మిల్లు మోత వినిపిస్తే ఏదో పండుగని చెప్పేవాడు. నెల పొడుగునా పండుగలు జరిగే దేశమని మాకు మెక్సికో మీద గౌరవం పెరిగింది. అతను చేసే పనేమిటని మాత్రం ఎవరూ అడగలేదు. కనుక నాకూ తెలియదు.

ఐదో నెలలో సాయమ్మ గారి కుడికంటికి పొర వచ్చింది. మనుమడు వచ్చాకే ఆపరేషన్ చేయించుకుంటానని ఆమె మొండికేసింది. కొడుకు వినలేదు. మిర్యాలగూడలో శాంతకుమారి గారనే కంటి డాక్టరు చెయ్యి మంచిదని విని అక్కడికే తీసుకెళ్లాడు. ఆపరేషన్ చక్కగా అయింది. మర్నాడు ఉదయం కట్టు విప్పారు. ఆమె బయటికి వచ్చి, చాలా రోజుల తరువాత లోకాన్ని తేటగా చూసింది. లోకంలో ఎదురుగా రూప్లా బండి ఉంది. బండి దగ్గర లుంగీలో యుగంధర్ ఉన్నాడు.

"అగో, మన యుగిగాడు! రొట్టె తింటుండు!" అని సాయమ్మ కేకేసింది.

కొడుకు తల తిప్పేలోపు యుగంధర్ రొట్టెతో సహా సందులో మాయమయ్యాడు.

"అమ్మా, వాడు మెక్సికోల ఉన్నడే. గీడెందుకుంటడు?"

"నాకు కండ్లు లేవారా? లుంగీ గూడ నేనిచ్చిందే."

సత్యనారాయణ గారు హడలిపోయి తల్లిని తిరిగి డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. డాక్టరు ఆమెను కిటికీ దగ్గర నిలబెట్టి ఏం కనిపిస్తోందని అడిగింది. ఎదుటి మేడ మీది కాకి కాలికి దారం చుట్టుకుందని సాయమ్మ చెప్పింది. డాక్టరు కళ్లద్దాలు సవరించుకుని చూస్తే నిజమే. కన్ను దివ్యంగా ఉందని రాసిచ్చింది. ఈలోగా సత్యనారాయణ గారు ఫోన్ చేస్తే, జవహర్ గారు స్పీకర్‌లోనే వాదించారు. "డాక్టరు గారూ, యుగంధర్ మెక్సికోలో ఉన్నట్టు మా దగ్గర ఇరవై అడుగుల ఫ్లెక్సీ ఉంది. కన్ను బాగున్నట్టు మీ దగ్గర ఏముంది?" డాక్టరు దగ్గర జానెడు కాగితం తప్ప ఏమీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు చుట్టాలను పలకరించి సూర్యాపేట మీదుగా వచ్చారు. అక్కడి బస్టాండు దగ్గర కూడా సాయమ్మ వేలు చూపించి ఏదో అనబోయింది. "నువ్వు కన్ను మూసుకోవే అమ్మా" అని కొడుకు బతిమాలాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మెక్సికోలో ఉన్న మనిషి మిర్యాలగూడలో కనిపిస్తే అది కంటి దోషమేనని, గురువారం ఉదయం ఆమెను హైదరాబాద్ పట్నంలోని పెద్ద దవాఖానకు తీసుకెళ్లి కన్ను మళ్లీ కోయించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. మనుమడికి చెబుదామని అందరం కూర్చుని వీడియో కాల్ చేశాం. సాయమ్మ ఫోన్ తీసుకుని అతని ముఖాన్ని చాలాసేపు చూసింది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న నాయినమ్మా."

"అంగి గుండీ ఊడింది, కుట్టుకో." తరువాత ఆమె మా వైపు తిరిగి, "నా కన్నే మసకయింది. వాడు మెక్సికోలనే ఉన్నడు. కోస్తే కోయనీయుండ్రి" అంది.

మసకబారిన కంటికి గుండీ ఎలా కనిపించిందని మాలో ఒక్కరికీ తోచలేదు. ఫోన్‌లో ఉన్న అతనికి తోచింది. ఫోన్ పెట్టేశాడు. అగ్నిపర్వతం వల్ల సిగ్నల్ పోయిందని మేము సర్దుకున్నాం. మనుమడి పరువు కోసం ఒక ముసలమ్మ బాగున్న కంటిని కోతకు ఒప్పుకుంది. ఆ గదిలో కూర్చుని నేను బిస్కెట్లు తింటున్నాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఈ వాక్యం సంఘం అభిప్రాయం కాదు, నాది.

గురువారం సాయమ్మను కారెక్కిస్తుండగా యుగంధర్ వచ్చి కారుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేను మెక్సికో పోలే బాపూ. ఐదు నెలల సంది మిర్యాలగూడలనే ఉన్న. నాయినమ్మ నన్నే సూసింది. ఆ కన్ను జోలికి పోకుండ్రి, మీకు దండం పెడ్తా" అంటూ బస్సు టికెట్ చూపించాడు.

జవహర్ గారు ముందుగా తేరుకున్నారు. "చూశారా! నాయనమ్మ కోసం సముద్రాలు దాటి వచ్చి కూడా మిర్యాలగూడ నుంచి వచ్చానంటున్నాడు. వినయమంటే ఇదీ!" ఎనిమిదో శాలువా పడింది. "అంతేనా? వీడొస్తాడని ఈ తల్లి కన్ను ముందే చూసేసింది. అది దోషం కాదండీ, దివ్యదృష్టి!"

ఆపరేషన్ అక్కడికక్కడే రద్దయింది. జవహర్ గారు ఆ ఊపులోనే ముందుకొచ్చి చేతులు కట్టుకున్నారు. "అమ్మా, మా సందీప్ కెనడాలో ఉంటాడు. ఎలా ఉన్నాడో ఒక్కసారి చూసి చెప్పండి."

"నీ కొడుకా? మొన్న సూర్యాపేట బస్టాండుకాడ మిర్చి బజ్జీలు తింటుండె. జర సన్నవడ్డడు."

జవహర్ గారు కండువా సర్దుకుని, "కంటిలో తీవ్రమైన దోషం ఉంది. కారు తీయండి, ఆపరేషన్ జరగాల్సిందే" అన్నారు. యుగంధర్ మళ్లీ అడ్డం రాబోయాడు. సాయమ్మ అతన్ని పక్కకు జరిపి, తానే వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.

"పాండ్రి పోదాం. పట్నం తొవ్వ సూర్యాపేట మీంచేగద. బస్టాండుకాడ జర ఆపుండ్రి, అందరం దిగి సూద్దాం."

జవహర్ గారికి అర్జంటు పని గుర్తొచ్చింది. తోడు వస్తామన్న ఆరుగురికీ గుర్తొచ్చింది. డ్రైవరు బావమరిది దుబాయ్‌లో ఉంటాడట, అతనికీ గుర్తొచ్చింది. పావుగంటలో వీధి ఖాళీ అయింది. ఆపరేషన్ నిరవధికంగా వాయిదా పడింది. దానికి బదులు సాయమ్మ గారికి సంఘం తరఫున నల్లకళ్లద్దాలు బహూకరించాలని, బయటికి వచ్చినప్పుడు ఆమె వాటిని తీయరాదని తీర్మానించాం. ఫ్లెక్సీ తయారైంది, వాక్యం నాదే.

యుగంధర్ ఇప్పుడు ఇంటి అరుగు మీదే కూర్చుని పని చేసుకుంటున్నాడు. మెక్సికో నుంచి ఎప్పుడొచ్చావని దారినపోయేవాళ్లంతా అడుగుతారు. పోలేదని అతను రోజూ ఓపికగా చెబుతాడు. వాళ్లు నవ్వి, మళ్లీ ఎప్పుడు వెళ్తావని అడుగుతారు. పక్కనే సాయమ్మ కూర్చుంటుంది. ఎండగా ఉన్నా నల్లద్దాలు నెత్తిమీదకు తోసేసి, వచ్చేపోయేవాళ్లను కన్నార్పకుండా చూస్తుంది.

మా అమ్మాయి శ్రావణి పోర్చుగల్‌లో ఉంటుంది. రోజూ ఫోన్ చేస్తుంది, సముద్రం ఫోటోలు పెడుతుంది. నాకేమీ అనుమానం లేదు. కాకపోతే ఈ మధ్య కూరగాయలకు వెళ్లాలంటే ఆ వీధి వదిలేసి, చుట్టూ తిరిగి వెళ్తున్నాను.