మెదడు ఆరోగ్య వారోత్సవంలో వహీబా ఖాలా

ఈ శనివారం నుంచి మన నియోజకవర్గంలో ఎవరి మెదడూ పాడవడానికి వీల్లేదని మా ఎంపీ షర్నూబీ బే మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. కిందటి నెల ఇదే మైకులో ఆయన కుక్కకాటును నిషేధించారు. ఆ నిషేధాన్ని ఇప్పటిదాకా మూడే కుక్కలు ఉల్లంఘించాయి.

బే గారు ఈమధ్య ఎర్రసముద్రం ఒడ్డున ఒక హోటల్లో మూడు రోజుల వ్యక్తిత్వ వికాస శిక్షణకి వెళ్ళారు. వెళ్ళినప్పుడు మామూలు ఎంపీ, వచ్చినప్పుడు ఎదిగిన మనిషి. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి ఆఫీసులో తగిలించారు, ఎవరికైనా అనుమానం ఉంటే చూసుకోవచ్చు.

నేను తాలూకా ఆఫీసులో గద్ద ముద్ర గుమస్తాని. పేరు అతియ్యా. మా ఈజిప్టులో గద్ద బొమ్మ ముద్ర పడని కాగితం పొట్లాలు కట్టుకోవడానికి తప్ప పనికిరాదు. ఆ ముద్ర నా సొరుగులో ఉంటుంది. నడుము నొప్పి వల్ల నేను కుర్చీలోంచి పెద్దగా లేవను కాబట్టి, ముద్రకి నన్ను మించిన కాపలాదారు దొరకడని ఆఫీసులో పేరు.

వారోత్సవం మొదటి సభ కఫర్ సంహూత్ అనే ఊళ్ళో. ముద్రతో సహా నన్నూ తీసుకెళ్ళారు. నగరం నుంచి నివీన్ అనే డాక్టరమ్మని పిలిపించారు. ఆవిడ ఏదో చెప్పబోతుంటే బే గారే అందుకున్నారు.

"మెదడు బాగుండాలంటే ఏం చెయ్యాలి? రోజూ గుప్పెడు అక్రోట్లు తినాలి."

"కిలో ఎంత బే గారూ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఎదిగే మనిషి ధర అడగడు. రెండోది నడక! మీ ఆడవాళ్ళు నీళ్ళ క్యాన్లు పట్టుకుని పక్క ఊరికి రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నారు. మూడోది, నలుగురితో కలవడం! అక్కడ కుళాయి దగ్గర గంటసేపు నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఊళ్ళో ఇలాంటి సదుపాయం కోసం పెద్ద పెద్ద దేశాలు కోట్లు తగలేస్తున్నాయి. మీకు పైసా ఖర్చు లేకుండా నేను ఇప్పించాను."

ఊరికి నీళ్ళ పైపు లేకపోవడాన్ని ఇంత లోతుగా ఆలోచించిన నాయకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

అప్పుడు వహీబా ఖాలా లేచింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఊరందరికీ ఖాలా, అంటే పిన్ని; మేడమీద పావురాలు పెంచుకుంటుంది. చేతిలో గవర్నర్ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. కఫర్ సంహూత్ పైపు ఫైలు కనబడటం లేదట. పదకొండేళ్ళ కిందట శంకుస్థాపన జరిగిందని, బుద్ధి స్థిమితంగా ఉన్న సాక్షి ఒక్కరు గద్ద ముద్రతో రాసిస్తే ఈ ఏడాదే పని మొదలుపెడతారట. గడువు ఆ సాయంత్రం వరకే.

"నేను చూశాను. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. డాక్టరమ్మని పరీక్ష పెట్టి కాగితం ఇమ్మను," అంది ఖాలా.

బే గారి ముఖం ఏమాత్రం మారలేదు. అదే శిక్షణ అంటే. నిజానికి ఆ పైపు పూర్తయిపోయినట్టు ఆయన విజయాల పుస్తకంలో తొమ్మిదో పేజీలో ఉంది. పక్కనే ధారగా నీళ్ళు కారుతున్న కుళాయి ఫోటో కూడా ఉంది. ఆ కుళాయి బే గారి స్నానాలగదిలోది.

డాక్టరమ్మ ఖాలాని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "మూడు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకో ఖాలా. తాళం, ఖర్జూరం, రైలు." తర్వాత తారీఖు అడిగింది, వందలోంచి ఏడేసి తీసెయ్యమంది, గడియారం బొమ్మ గీయించింది. ఖాలా అన్నీ చేసింది. చివర్లో తాళం, ఖర్జూరం, రైలు కూడా అప్పజెప్పి, "తాళం అన్నప్పుడు నువ్వు ఒకసారి తుమ్మావు," అంది.

"పదికి పది. నా మెదడు కూడా ఇంత బాగా లేదు," అంది డాక్టరమ్మ.

"ఇది ఆరోగ్యం భాగమే డాక్టర్," అన్నారు బే గారు. "వికాసం భాగం ఇంకా ఉంది. చెప్పు ఖాలా, గతాన్ని వదిలెయ్యగలవా?"

"ఎందుకు వదలాలి నాయనా? ఆ రోజు గురువారం. రెండు పావురాల్లో గోధుమ నూక కూరి వండాను. రెండూ నువ్వే తిని నా కర్టెన్‌కి చెయ్యి తుడుచుకుని, వచ్చే రంజాన్ లోపు నీళ్ళొస్తాయన్నావు. రాయి మీద ఊరి పేరు సుద్దముక్కతో రాసి ఉంది. ఫోటో అయ్యాక తడిగుడ్డతో తుడిపించి, రాయిని కారు డిక్కీలో పెట్టించావు. ఆ గుడ్డ తడపడానికి నీళ్ళు కూడా నేనే ఇచ్చాను."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. బే గారు డాక్టరమ్మ వైపు వంగి, "చూశారా? పెద్దవయసు. లేనివన్నీ ఊహించుకుంటోంది," అన్నారు.

"ఊహ ఏంటి? మోసింది ఇదిగో, ఈ అతియ్యాయే!" ఖాలా నన్ను చూపించింది. "డిక్కీ దగ్గర చెయ్యి జారి రాయి ఎడమ మూల విరిగింది. వీడి నడుము పట్టేసింది. మా ఇంట్లో పడుకోబెట్టి నువ్వుల నూనె కాచి రాశాను. మా అమ్మ కూడా ఇంత బాగా రాయలేదు ఖాలా అన్నాడు."

డాక్టరమ్మ కలం పట్టుకుని నా వైపు తిరిగింది. "మీరు అవునంటే ఈవిడ జ్ఞాపకం సరైనదని రాసేస్తాను. నిజమేనా?"

"తొందరేం లేదు అతియ్యా," అన్నారు బే గారు ఎంతో ఆప్యాయంగా. "బాగా ఆలోచించి చెప్పు. గతం పట్టుకుని వేలాడేవాడు ఉన్న గ్రేడులోనే ఉండిపోతాడని మా శిక్షణలో చెప్పారు." నా ప్రమోషన్ కాగితం ఆరేళ్ళుగా ఆయన టేబుల్ మీద ఉంది.

నేను బాగానే ఆలోచించాను. ఎక్కడినుంచో నువ్వుల నూనె వాసన వచ్చింది. చెవులు వేడెక్కాయి. మామూలు భాషలో దాన్ని సిగ్గు అంటారు, శిక్షణలో మాత్రం గతం తాలూకు బరువు అన్నారట.

"గుర్తు లేదు డాక్టర్," అన్నాను.

ఖాలా తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నన్ను జాలిగా చూసి, "అయ్యో, పిల్లాడికి ఈ వయసులోనే మెదడు పాడైంది. ఆ అక్రోట్లేవో ముందు వీడికి ఇప్పించు డాక్టరమ్మా," అంది.

ఖాలా జరగనివి జరిగినట్టు చెబుతోందని, సాక్ష్యానికి పనికిరాదని డాక్టరమ్మ కాగితం రాసింది. దాని మీద నేనే ముద్ర వేశాను. గద్ద రెక్కలు రెండూ చాలా స్పష్టంగా పడ్డాయి.

వారోత్సవం ముగింపు సభ కూడా కఫర్ సంహూత్‌లోనే జరిగింది. అప్పటికి నేను తాలూకా వ్యక్తిత్వ వికాస విభాగానికి అధిపతిని. ఊళ్ళో కట్టబోయే మెదడు ఆరోగ్య కేంద్రానికి బే గారు శంకుస్థాపన చేశారు. రాయికి పెద్ద పూలదండ వేశారు. నడిమధ్యన సుద్దముక్కతో ఊరి పేరు అందంగా రాశారు. ఫోటోలు అయ్యాక బే గారు వాచీ చూసుకున్నారు, ఇద్దరు పనివాళ్ళు రాయి ఎత్తడానికి వంగారు.

"ఎడమ మూల పట్టుకోకండ్రా, అక్కడ విరిగింది!" అని అరిచాను.

పనివాళ్ళు ఆగిపోయారు. ఆ మూల ఇంకా దండ కిందే ఉంది. డాక్టరమ్మ వచ్చి దండ పక్కకి జరిపి చూసింది, తర్వాత నా ముఖం చూసింది.

అదే సమయానికి వహీబా ఖాలా పక్క ఊరి నుంచి నీళ్ళ క్యానుతో వస్తోంది. చేతిలో పొడిగుడ్డ పట్టుకుని నీళ్ళ కోసం దిక్కులు చూస్తున్న పనివాడి దగ్గర ఆగి, క్యాను దించి, గుడ్డ మీద కాసిని నీళ్ళు పోసింది.

"తుడుచుకో నాయనా," అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నడుము ఎలా ఉంది అతియ్యా?"