సోడియం కాల్షీట్

ఆ గురువారం త్రినాథరావుగారి కార్యక్రమం చాలా సరళమైనది. సాయంత్రం నాలుగింటికి కుందేలును జూబ్లీహిల్స్‌లోని పశువైద్యశాలకు తీసుకువెళ్లి, దాని దవడ పళ్లు అరగదీయించి, ఆరింటికల్లా ఫిల్మ్‌నగర్‌లోని ఇంటికి తిరిగివచ్చి టీ తాగడం. ముప్పై మూడేళ్లు రసాయనశాస్త్రం బోధించి రిటైరైన మనిషి కనుక కుందేలుకు సోడియం అని పేరు పెట్టారు.

సోడియం ముందురోజు ఉదయం నుంచి ఏమీ ముట్టడం లేదు. గడ్డం కింది బొచ్చు చొంగతో తడిసిపోయింది. ఇందుకు కారణం త్రినాథరావుగారే. గట్టి పదార్థం నమిలితే పళ్లు అరుగుతాయన్న సొంత సిద్ధాంతంతో ఆయన ఆరు నెలలుగా దానికి జంతికలు పెట్టారు. ఆ సిద్ధాంతాన్ని డాక్టర్ నిహారిక ఒక్క నిమిషంలో కొట్టిపారేసింది.

"కుందేలు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి సార్. వాటిని అరగదీసేది గడ్డి పీచు, జంతికలు కాదు. ఇప్పుడవి నాలుకకు గుచ్చుకుంటున్నాయి. మత్తిచ్చి అరగదీయాలి. ఈ రాత్రికి సిరంజితో గుజ్జు పట్టించండి. రేపు నాలుగింటికి కచ్చితంగా తీసుకురండి. ఇంకా ఆలస్యం చేస్తే పేగులు ఆగిపోతాయి, అప్పుడు నా చేతుల్లో కూడా ఏమీ ఉండదు."

ఖర్చు పద్దెనిమిది వేలు. భార్య పుష్పవల్లికి ఆయన పద్దెనిమిది వందలని చెప్పారు. సున్నాకు సొంతంగా విలువ ఉండదని మనసుకు నచ్చజెప్పుకున్నారు. చిక్కేమిటంటే, ఆయన బ్యాంకు ఖాతాలో రూపాయి కదిలినా సందేశం పుష్పవల్లి ఫోనుకే వెళుతుంది.

ఆయన ఈ సమస్యను నాలుగోసారి పరిశీలిస్తుండగా, పై అంతస్తులో ఉండే అసిస్టెంట్ డైరెక్టర్ శ్రీకాంత్ తలుపు తట్టాడు.

"సార్, మీ కుందేలు ఒక్క పూట గావాలె. హీరో జైలుకు పోతడు, కుందేలు బెంగతోని క్యారెట్ ముట్టది. గంతే షాట్. ఇరవై వేలు, క్యాష్. ఇప్పటికే మూడు కుందేళ్లను తెచ్చినం. మూడూ క్యారెట్ చూడంగనే కరకర నమిలినయి."

"ఇది నమలదు. అయితే అది నటన కాదు నాయనా, దంతవ్యాధి."

"ఏదైతేంది సార్, తినకుంటే సాలు."

"నాలుగింటికి డాక్టరు దగ్గర ఉండాలి మరి."

"పన్నెండుకల్లా ఇడిచిపెడ్తం. ఫికర్ జేయకుండ్రి."

సెట్లో సోడియం ముందు క్యారెట్ పెట్టారు. అది ఒకసారి వాసన చూసి, మెల్లగా ముఖం తిప్పుకొంది. దర్శకుడు కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ తడి చూశారా? ఎంత పెద్ద ఆర్టిస్టుకైనా గ్లిజరిన్ కావాలి. ఇది సొంతంగా ఏడుస్తోంది!"

"అది కన్నీరు కాదండీ, చొంగ," అన్నారు త్రినాథరావుగారు. "లోపల పన్ను గుచ్చుకుంటోంది."

"లోపల ఏదో గుచ్చుకుంటేనే సార్ నటన బయటికొస్తుంది," అన్నాడు దర్శకుడు, ఆయన భుజం తట్టి.

ఒక్క షాటు ఏడైంది. సోడియం క్యాబేజీని కాదంది, అరటిపండును కాదంది, హీరోయిన్ కన్నీళ్లతో అందించిన కొత్తిమీర కట్టనూ కాదంది. పన్నెండు కాస్తా మూడైంది. అప్పుడు హీరో జైలు నుంచి విడుదలయ్యాడు. ఇక కుందేలు ఆనందంతో క్యారెట్ తినాలి. డబ్బు ఆ షాట్ తర్వాతనే.

సోడియం తినలేదు. తొమ్మిది టేకులు తీశారు, తినలేదు.

"పాత్రలోంచి బయటికి రాలేకపోతోంది," అన్నాడు దర్శకుడు గౌరవంగా. "ఓ గంట ఒంటరిగా వదిలేయండి."

త్రినాథరావుగారు గడియారం చూశారు. మూడున్నర. సోడియం ఒళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. పిలిస్తే ఎప్పుడూ లేచే ఎడమ చెవి కూడా లేవలేదు. ఆయన ఇరవై వేలను ఒక్క క్షణం తలచుకుని, బుట్ట ఎత్తుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచి ఆటో ఎక్కారు.

సినిమావాళ్ల లోకంలో సెట్టు మీద నుంచి లేచిపోవడానికి ఒకటే అర్థం. ఆటో రెండు మలుపులు తిరిగేలోగా శ్రీకాంత్ బైకు మీద పక్కకు వచ్చాడు.

"సార్! ప్రొడ్యూసర్ లైన్ల ఉన్నడు. ముప్పై ఇస్తా అంటున్నడు!"

"డబ్బు సంగతి కాదయ్యా! నాలుగింటికి వేరేచోట టైమిచ్చాను!"

శ్రీకాంత్ ముఖం పాలిపోయింది. ఫోనులోకి గుసగుసలాడాడు. "సార్, ఏరేటోళ్లకు డేట్లు ఇచ్చిండట సార్... నలభై! నలభై అంటున్నడు, ఆగుండ్రి!"

"డాక్టరుకిచ్చానయ్యా, పళ్లు అరగదీయించాలి!"

బోరబండకు చెందిన ఆటో డ్రైవర్ వీరయ్య ఇదంతా శ్రద్ధగా విని, చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగాడు. "సార్, జర మెల్లగ పోనియ్యాల్నా? ఇంకో సిగ్నల్ దాటితే అరవై అంటడు."

"నువ్వు పోనివ్వు నాయనా!"

నాలుగుకు మూడు నిమిషాలుండగా డాక్టర్ నిహారిక సోడియంను లోపలికి తీసుకుంది. శ్రీకాంత్ కౌంటరు దగ్గర ఊపిరి పీల్చుకుని, "యాభై ఏసేసిండు సార్, మీ అకౌంట్లకే," అన్నాడు.

"అకౌంట్లోకా!" అన్నారు త్రినాథరావుగారు నీరసంగా. "నాయనా, మళ్లీ చెబుతున్నాను. పళ్లు బాగుపడితే ఇది అన్నీ తింటుంది. నీ బెంగ షాటుకు పనికిరాదు."

"మీరు మస్తు బేరం జేస్తరు సార్," అన్నాడు శ్రీకాంత్ మెచ్చుకోలుగా.

జీవితంలో ఆడిన ఒక్క అబద్ధాన్ని భార్య నమ్మింది. ఆ రోజు చెప్పిన నిజాలను మాత్రం ఎవరూ నమ్మలేదు. ఆయన బిల్లు కట్టిన రెండు నిమిషాలకు ఫోను మోగింది.

"ఏవండీ," అంది పుష్పవల్లి చల్లగా. "యాభై వేలు పడ్డాయని వచ్చింది. పద్దెనిమిది వేలు పోయాయని వచ్చింది. కుందేలును అమ్మారా, పళ్లు కట్టించారా?"

ఆ తర్వాత నాలుగు రోజులు ఆ ఇంట్లో మాటలు లేవు. సోడియం మాత్రం మరునాటి సాయంత్రానికే గడ్డి మొదలుపెట్టింది. మూడోనాటికి గిన్నె అంచు కొరికింది.

సోమవారం బెంగ షాట్ క్లోజప్. పుష్పవల్లి కూడా వచ్చి, భర్తకు పది అడుగుల దూరంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. కెమెరా తిరిగింది. సోడియం క్యారెట్ తింది. క్యాబేజీ తింది. దర్శకుడి చేతిలోని డైలాగు కాగితాన్ని రెండో పేరా వరకు తింది.

"యాభై వేలు చూడగానే నటన పోయింది!" అని దర్శకుడు పిడికిలి బిగించాడు. "అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేయండి."

ముప్పై రెండు వేలు మిగిలాయి. తక్కిన పద్దెనిమిదీ సోడియం నోట్లో ఉన్నాయి. ప్రొడక్షన్ కుర్రాడు భోజనం పళ్లెం తెచ్చి ముందు పెడితే, త్రినాథరావుగారు దానిని ఒకసారి చూసి, భార్య వైపు ఒకసారి చూసి, మెల్లగా ముఖం తిప్పుకున్నారు.

"కదలకండి!" అని అరిచాడు దర్శకుడు. "లైట్లు ఇటు! కుందేలు వద్దు. హీరో తండ్రి అన్నం మానేస్తాడు. ఆ ముఖం చూడండయ్యా! సార్, ఆ యాభై మీదే, అలాగే ఉండండి!"

పళ్లెం అందించే చేతులు కావలసివచ్చి పుష్పవల్లినే పిలిచారు. ఇంటి నుంచి తెచ్చిన గుత్తివంకాయ కూర ఆమె స్వయంగా వడ్డించి, ముక్కు దగ్గరగా పెట్టి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"తినండి."

తొమ్మిదో టేకు వరకు ఆయన తినలేకపోయారు. పక్కనే బుట్టలో సోడియం గడ్డి నములుతూ, కొత్తగా వచ్చిన ఆర్టిస్టును ఓపికగా గమనించింది.