వడియాల మూట మీద సొరంగం రాయి

ఆ రెండో శనివారం కమలకుమారి పెట్టుకున్న పని ఒక్కటే, గుమ్మడి వడియాలు. పొద్దున ఆరింటికల్లా బూడిదగుమ్మడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటకట్టి, ఇత్తడి గుండిగలో పెట్టింది. నీరు పిండుకుపోవాలంటే మూట మీద బరువుండాలి. నాంపల్లి ఫ్లాటుకు మారినప్పుడే రోలూ పొత్రమూ ఎవరికో ఇచ్చేశారు. వెతగ్గా వెతగ్గా కూతురి మంచం కింద, ప్లాస్టిక్ చుట్టి మైనం పూసిన గుండ్రటి రాయి ఒకటి దొరికింది. అచ్చం పొత్రమే.

"నా కోసమే తెచ్చి చెప్పడం మరిచిపోయింది, పిచ్చిపిల్ల" అని మురిసిపోయి, మైనం గీకేసి, కుళాయి కింద శుభ్రంగా తోమి మూట మీదకు ఎత్తింది. గుండిగకూ రాయికీ మధ్య వేలు దూరేంత సందుంది.

పదిన్నరకు మేఘన ఫోన్ చేసింది. ఆబిడ్స్‌లో రాళ్లూ మట్టీ పరీక్షించే కంపెనీలో ఆమెది కొత్త ఉద్యోగం.

"అమ్మా, పన్నెండింటికి మా మేనేజరు వామన్‌రావు సారును తీసుకొస్తున్నా. మంచం కింద రాయి పట్టుకెళ్తారు. దానికి తడి తగలకూడదని నాన్న చెప్పారుగా?"

"ఏ నాన్న? నాకెవరూ చెప్పలేదే!"

"అమ్మా! అది సొరంగం తవ్వే చోట తీసిన రాయి. ఆఫీసులో తడి తగులుతుందని ఇంటికి తెచ్చి దాచాను. అందులో బంకమట్టి ఉంది, నీళ్లు తగిలితే ఉబ్బుతుందని నేను రాసిచ్చాను. సారు నమ్మడం లేదు. సోమవారం అందరి ముందూ పరీక్ష. నాది తప్పని తేలితే ఉద్యోగం పర్మనెంటు చేయరు."

కమలకుమారి వంటింట్లోకి పరుగెత్తింది. రాయి ఉబ్బి గుండిగకు బిరడాలా బిగుసుకుపోయింది. వేలు కాదు కదా, గోరు కూడా దూరడం లేదు. పైన ఉల్లిపాయలా పొరలు లేస్తున్నాయి.

"చెప్పాలనే అనుకున్నానే. ఇంతలో పేపరొచ్చింది" అన్నాడు ఆమె భర్త జగన్మోహనరావు.

గుండిగను ఆయన మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. ఆమె రాయిని లాగింది. బూడిదరంగు బురద గుప్పెడు చేతిలోకొచ్చింది. జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టి ఆరబెడితే రాయి ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. చివరికి ఆయన రాయి చుట్టుకొలత తీసిన తాడు జేబులో వేసుకుని ఆటోలో బేగం బజార్‌కు పోయి నల్లటి పొత్రం ఒకటి పట్టుకొచ్చాడు. ఆమె దానికి పాత ప్లాస్టిక్ చుట్టి, కొవ్వొత్తి కరిగించి పూసింది.

వామన్‌రావుకు ఫైళ్లతోనే తప్ప రాళ్లతో పరిచయం లేదు. వచ్చీరాగానే ప్లాస్టిక్ చింపి, తాగమని ఇచ్చిన గ్లాసెడు నీళ్లూ పొత్రం మీద కుమ్మరించాడు.

"సోమవారం దాకా ఎందుకు? గిప్పుడే తేల్చేద్దాం. చాయ్ తాగేలోపు ఉబ్బుతదా, చూద్దాం!"

చాయ్ అయిపోయింది. పొత్రం స్నానం చేసి నిగనిగలాడుతోంది.

"ఏమాయె మేఘనా? జరంత కదిలిందా? గిసుంటి రాతలు నమ్ముకుంటే మన పని ఖతం!"

మేఘన పొత్రాన్ని చూసింది, తల్లిని చూసింది. రాయి మారిందని అర్థమైంది. నోరు విప్పితే తల్లి దొరికిపోతుంది. విప్పకపోతే ఉద్యోగం పోతుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి కమలకుమారి ఆగలేకపోయింది. లోపలికెళ్లి గుండిగను రెండు చేతులా మోసుకొచ్చి ఆయన ముందు పెట్టింది.

"సార్, మీరు నీళ్లు పోసింది బేగం బజార్ పొత్రం మీద. మీ రాయి ఇదిగో. తప్పు నాది, పిల్లది కాదు."

వామన్‌రావు సందులో వేలు పెట్టబోయాడు. గుండిగను బోర్లించాడు. రాయి జారలేదు, మూటా రాలేదు.

"నీళ్లల్ల ఎన్ని గంటలున్నదమ్మా?"

"ఆరింటి నుంచి. మొదట వేలు దూరేంత సందుండేది, సార్."

ఆయన మెల్లగా కుర్చీలో కూలబడి చెమట తుడుచుకున్నాడు. "ఇత్తడి గిన్నెనే గిట్ల పట్టిందంటే, సొరంగం గోడను ఏం జేస్తుండె! పల్చటి గోడ చాలని నేను సంతకం పెట్టేటోణ్ని. బతికించినవ్ చెల్లెమ్మా! జర గీ గిన్నె ఇయ్యి, సోమవారం మీటింగ్‌ల పెడ్త."

కమలకుమారి అప్పటికి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మేఘన ఏడుస్తూనే నవ్వేసింది.

సోమవారం సొరంగం గోడ డిజైను మారింది, మేఘన ఉద్యోగం ఖాయమైంది. రిపోర్టు మాత్రం ఆలస్యమైంది. 'పరీక్ష చేసిన విధానం' అన్న గడి దగ్గర వామన్‌రావు కలం రెండు రోజులు ఆగిపోయింది.