ముట్టుకోవద్దన్న వంటగట్టు

ఆ ఉదయం ఝాన్సీలక్ష్మి వేసుకున్న పథకం చాలా చిన్నది. వంటగట్టు మీద వంటసోడా ముద్ద పట్టించాలి. అది నానేలోగా బజారుకెళ్లి కూరలు తేవాలి. తిరిగొచ్చి తడిగుడ్డతో తుడిచేయాలి. ఆ తర్వాతే ఆడపడుచు బస్సు దిగాలి. అంతే.

ఆడపడుచు నారాయణమ్మది పాతపట్నం. ముందురోజు సాయంత్రం ఫోను చేసి, "రేపొస్తన్నానే ఝాన్సీ. మీ వంటిల్లు ఓపాలి సూడాలి నాకు" అని, ఎందుకో చెప్పకుండానే పెట్టేసింది. నారాయణమ్మ ఎవరింటికి వెళ్లినా కిటికీ చువ్వ మీద వేలు రాసి, ఆ వేలిని వెలుతురులో చూసుకునే మనిషి. అలాంటావిడ పనిగట్టుకుని వంటిల్లు చూడటానికే వస్తానంటే ఝాన్సీలక్ష్మికి కునుకు పట్టలేదు. అరసవల్లిలో ఇల్లు కట్టుకున్నప్పుడు గట్టుకు తెల్ల టైల్స్ వేయించారు. పసుపు, నూనె, చింతపండు పులుసు, టీ ఇన్నేళ్లూ వంతులవారీగా ఒలికి ఆ తెలుపును ఎప్పుడో మింగేశాయి. టైల్స్ మధ్య సందుల్లో నింపిన తెల్ల సిమెంటు బొగ్గుతో గీసిన గీతల్లా తయారైంది.

చిక్కల్లా భర్తతోనే. భాస్కర్‌కు గుడి దారిలో స్టీలు సామాన్ల కొట్టుంది. కొట్లో అతనికో కుర్చీ కూడా ఉంది గానీ, దాని మీద కొనడానికొచ్చినవాళ్లే ఎక్కువగా కూర్చుంటారు. అతను బిందెలు సర్దుతాడు, సర్దినవి దించుతాడు, దించినవి తుడుస్తాడు. అక్క వస్తోందని ఆ పూట కొట్టు తెరవలేదు. అంటే, ఇంట్లో ఖాళీగా ఉన్నాడు.

"ఇదిగో, ముద్ద పెట్టేసాను. నేనొచ్చేదాకా ఆ గట్టు ముట్టుకోకండి. నానాలది" అంది ఝాన్సీలక్ష్మి సంచీ తీసుకుంటూ.

"నాకేటి పని? నేనెందుకు ముట్టుకుంతాను?"

"మీరు ముట్టుకుంతారు."

"పేపరు సదువుకుంతానే!"

"సదువుకోండి. కూకోని సదువుకోండి."

భాస్కర్ కూర్చుని పేపరు విప్పాడు. మొదటి పేజీ అయ్యేసరికి లేచి వంటింట్లోకి తొంగి చూశాడు. ముద్ద అలాగే ఉంది. మళ్లీ కూర్చున్నాడు. రెండో పేజీ నిలబడి చదివాడు. మూడోది వంటింటి గుమ్మంలో నిలబడి చదివాడు. నాలుగోది చదవలేదు. ఒక మూల వేలితో ముద్ద తీసి చూస్తే తప్పేముంది అనిపించింది.

తీసి చూశాడు. కింద టైల్ ఎప్పటిలాగే పచ్చగా ఉంది. పాత పళ్లబ్రష్షు తెచ్చి ఒక సందును గట్టిగా రుద్దాడు. జానెడు గీత పాలలా తెల్లబడింది. అదే కొంప ముంచింది. అప్పటిదాకా గట్టంతా ఒకే తీరున మాసి, మర్యాదగా ఉండేది. ఇప్పుడు ఆ తెల్లగీత పక్కన మిగతాదంతా మురిక్కాలవ ఒడ్డులా కనిపించింది. అక్క బస్సు ఈపాటికి బయల్దేరే ఉంటుంది. బ్రష్షు వదిలేసి స్టీలు పీచు పట్టాడు. పీచు వదిలేసి స్క్రూడ్రైవరు పట్టాడు. చివరికి బాత్రూము కడగ్గా మిగిలిన యాసిడ్ సీసా గుర్తొచ్చింది.

సోడా ముద్ద మీద యాసిడ్ పడగానే గట్టు బుస్సుమంది. నురగ పొంగి, పొయ్యి చుట్టూ తిరిగి, అంచు దాటి కిందికి జారింది. 'ఓలమ్మా, ఎంత మురికి దిగతన్నాదో!' అని భాస్కర్ సంబరపడి ఇంకాస్త పోశాడు. సందుల్లోని సిమెంటు మెత్తబడి, స్క్రూడ్రైవరుతో గీస్తే పేస్టులా వచ్చేసింది. నలుపుతో పాటు సిమెంటే పోతోందని అతనికి తెలిసేలోగా, పొయ్యి ముందున్న టైల్ ఒకటి పళ్లెంలా పక్కకు జరిగింది. ఆ వెంటనే ఘాటు ముక్కుకెక్కింది. కళ్లు మండాయి. తువ్వాలు ముక్కుకు కట్టుకుని, దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు.

ఎదురింటి సూరయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎర్రటి కళ్లతో, ముక్కుకు గుడ్డతో, చేతిలో స్క్రూడ్రైవరుతో వస్తున్న భాస్కర్‌ను చూసి అదిరిపడి లేచాడు.

"ఒరే భాస్కరా, ఏటైందిరా?"

భాస్కర్ యాసిడ్ ఘాటు గురించి చెప్పబోయాడు. దగ్గు తెరలో ఒక్క మాటే బయటపడింది.

"గ్యాసు..."

సూరయ్యకు అది చాలు. "సిలిండరు లీకైపోనాదర్రా! ఎవలూ అగ్గిపుల్ల గీయకండి! బేగి బయటికి రండి!" అని వీధి చివరిదాకా అరుచుకుంటూ వెళ్లాడు. ఎవరో కరెంటు ఆపారు. పక్క లాడ్జిలో దిగిన యాత్రికులు తలకు సబ్బుతో కొందరు, సగం కట్టిన పంచెలతో కొందరు రోడ్డున పడ్డారు. గుడికెళ్లే ఆటోలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వెనకున్నవాళ్లు హారన్లు కొట్టారు. హారన్లు విని ఇంకా జనం వచ్చారు.

"కాదు సూరయ్యా, సిలిండరు కాదు..." అంటూ భాస్కర్ గుంపులో అటూ ఇటూ పరిగెత్తాడు.

"పాపం, భయానికి మతి పోనాది. పట్టుకోండి" అన్నారెవరో. ఇద్దరు పట్టుకుని అతన్ని అరుగు మీద కూలేశారు. మిగతావాళ్లు లోపలికి చొరబడి సిలిండరు వీధిలోకి మోసుకొచ్చారు. గట్టు మీద నురగలోంచి ఇంకా లేస్తున్న పొగ చూసి, నిప్పు రాజుకుంటోందనుకుని తడి గోనెసంచులు కప్పి గట్టిగా అదిమారు. కాసేపటికి సంచులు లాగితే, వాటితో పాటే టైల్స్ ఊడి వచ్చాయి.

సరిగ్గా అప్పుడే ఝాన్సీలక్ష్మి ఎక్కిన ఆటో వీధి మొదట్లో ఆగింది.

"ఇక ముందుకెల్లదమ్మా. ఆ వీధిలో సిలిండరు పేలిపోనాదంట" అన్నాడు ఆటో అతను.

"ఎవరింట్లో?"

"స్టీలు సామాన్లాయనంట. భాస్కర్ గారో ఎవరో."

కూరల సంచీ ఆటోలోనే ఉండిపోయింది. ఆమె పరిగెత్తింది. దారిలో ఎవరో ఏదో చెప్పబోయినా వినలేదు. గుంపును తోసుకుని అరుగు దగ్గరికి వచ్చి, భర్త తల, భుజాలు, చేతులు తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. అప్పుడు అతని పక్కనే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే అతని చేతిలోని స్క్రూడ్రైవరు చూసింది. ఏడుపు ఆగింది.

"ముట్టుకున్నారు గదా?" అంది.

భాస్కర్ తల దించుకున్నాడు. "కొంచెమే" అన్నాడు.

నారాయణమ్మ ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి, ఆటోలో వీధి మొదటిదాకా వచ్చి, మిగతా దూరం నడిచొచ్చింది. ఆమె వెనకాల కూర్మయ్య అనే తాపీమేస్త్రి ఉన్నాడు. వీధిలో సిలిండరును గానీ, జనాన్ని గానీ ఆమె పట్టించుకోలేదు. "ఒరే తమ్ముడూ, బాగున్నావా?" అంటూనే తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. ఝాన్సీలక్ష్మి కళ్లు మూసుకుంది.

లోపలి నుంచి పెద్ద కేక వినిపించింది.

"ఒలమ్మో! నా డిజైనేటైపోనాదర్రా?"

అందరూ లోపలికి పరిగెత్తారు. టైల్స్ ఊడిన గట్టు ముందు నారాయణమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"డిజైనేటి ఒదినా?" అంది ఝాన్సీలక్ష్మి.

"ఆ పసుపు మబ్బుల డిజైనే! మజ్జన కాఫీరంగు గీతలూ! కిందటిసారొచ్చినప్పుడు సూసి, మా కొత్త వంటింటికి అలాటివే కావాలని సీకాకుళం, ఇజీనగరం తిరిగొచ్చాను. ఏ కొట్టోడూ అలాటిది సూళ్లేదన్నాడు. మేస్త్రికి సూపిద్దామని ఎంటబెట్టుకొచ్చాను. పీకించేసారేటి?"

భాస్కర్, ఝాన్సీలక్ష్మి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అప్పా, అవి తెల్ల టైల్సే" అన్నాడు భాస్కర్ నెమ్మదిగా. "మరకలవి."

"మరకలా? పసిపిల్లకి సెప్పినట్టు సెప్తన్నావు. కొన్న కొట్టు పేరు సెప్పడానికి మనసు రాలేదని సెప్పు."

"నిజం ఒదినా, ఇన్నేళ్ల పులుసూ పసుపూ..."

"నువ్వూరుకోయే. వంటకి మబ్బులొస్తాయేటి?"

కూర్మయ్య ఈలోగా పొయ్యి వెనక మూలకు వంగాడు. యాసిడ్ గానీ, గోనెసంచి గానీ చేరని ఒక్క టైల్ అక్కడ మిగిలి ఉంది. దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూశాడు.

"ఇది మన దేశం సరుకు కాదమ్మా" అన్నాడు. "రంగు లోనికి దిగిపోయున్నాది."

నారాయణమ్మ తమ్ముడి వంకా, మరదలి వంకా చూసి, ఇక మాట్లాడటానికేమీ లేదన్నట్టు మేస్త్రి వైపు చెయ్యి చాపింది. టైల్‌ను చీర కొంగుతో తుడవబోయి, డిజైను పోతుందేమోనని మానుకుని, అలాగే పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు పాతపట్నంలో టైల్స్ కొట్టాయన దాన్ని చూసి, ఆ మోడలు ఈమధ్య కాస్త కరువుగా ఉందని, అయినా వచ్చే వారానికి తెప్పిస్తానని మాటిచ్చాడు.