గిన్నె మీద ఆవిరి

ఆ ఉదయం ఫిలిం సొసైటీ కార్యదర్శి కోరుకున్నది చాలా చిన్న విషయం. సాయంత్రం సినిమా మధ్యలో ఎవరూ లేచి వెళ్లిపోకూడదు. సమకాలీన ప్రపంచ సినిమాల వరసకు అది తొలి ప్రదర్శన. హాలు యజమానురాలు ముందే తేల్చి చెప్పింది.

"పోయినసారి సగంమంది మధ్యలోనే జారుకున్నారు. ఈసారీ అంతే అయితే హాలు ధ్యానం క్లాసువాళ్లకి ఇచ్చేస్తా. నేనే వచ్చి కూర్చుంటాను, చూద్దాం."

హాలు పోతే సొసైటీ పోయినట్టే. సొసైటీ పోతే పాపం కార్యదర్శికి సాయంత్రాలు ఇంట్లో బావమరిది కబుర్లు వినడం తప్ప మరేమీ మిగలదు. అందుకే టీ కూడా తాగకుండా ఆపరేటరు దగ్గరికి పరుగెత్తాడు. పోయినసారి ఒక చెట్టును చాలాసేపు చూపించే దృశ్యం వస్తే, బొమ్మ ఆగిపోయిందనుకుని ఈ మహానుభావుడు సినిమాను ముందుకు జరిపేశాడు. దర్శకుడి ప్రతిభంతా ఆ చెట్టులోనే ఉందని సభ్యులు నెలల తరబడి తిట్టిపోశారు.

"చూడవయ్యా, ఈసారి బొమ్మ కదలకపోయినా ముట్టుకోకు. నేను చెప్పేదాకా చెయ్యి పెట్టొద్దు."

"అలాగే సార్. మరి నిజంగానే ఆగిపోతే?"

"ఏదెంతసేపుంటుందో నాకు తెలుసులే. ఈ సినిమా రెండుసార్లు చూశాను."

ఒక్కసారీ చూడలేదు. ఎంపిక సమావేశంలో పరువు కోసం ఆడిన అబద్ధం అది, అప్పటినుంచీ మోస్తున్నాడు.

సాయంత్రం హాలు నిండింది. సినిమా మొదలైన కాసేపటికి తెరమీద ఒకావిడ వంటగదిలో గిన్నె మీద మూత ఎత్తి లోపలికి చూసింది. చూస్తూనే ఉంది.

హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు. ఆగిపోయిందని ముందుగా ఎవరంటే వాళ్లకు సినిమా తెలియదని తేలిపోతుంది. సొసైటీ అధ్యక్షుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మెచ్చుకోలుగా తలూపుతున్నాడు. కార్యదర్శి ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"ఇది ఇంతసేపు ఉంటుందంటారా?"

"రెండుసార్లు చూసినవాడివి, నన్నడుగుతావేం?"

కార్యదర్శి చప్పున చూపు తిప్పేసుకున్నాడు. ముందు వరసలో యజమానురాలు రుమాలుతో కళ్లొత్తుకుంటోంది. ఆవలింతలతో నీళ్లు తిరుగుతున్నాయి కాబోలు, ఇక అయిపోయింది, హాలు పోయిందనుకున్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

పక్కనుంచి భార్య మోచేత్తో పొడిచింది.

"ఏమండీ, ఆవిడ సంగతి సరే. గిన్నె మీద ఆవిరి కూడా కదలట్లేదు."

కార్యదర్శి పడుతూ లేస్తూ మెట్లెక్కాడు. పైన ఆపరేటరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఆగిపోయిందయ్యా బాబూ."

"తెలుసు సార్. ఎప్పుడో ఆగింది. మీరే కదా ముట్టుకోవద్దన్నారు."

"ముట్టుకో నాయనా, నీకు పుణ్యముంటుంది."

మీట నొక్కగానే తెరమీద ఆవిడ మూత పెట్టేసింది. భర్త వచ్చాడు. ఇద్దరూ గొంతులు చించుకుని పోట్లాడుకున్నారు, పళ్లేలు పగిలాయి. జనం ఒక్కొక్కరే లేవసాగారు. "చివరికి మామూలు సినిమా చేసేశాడు" అని గొణుక్కుంటూ అధ్యక్షుడు కూడా బయటికి నడిచాడు.

గుమ్మం దగ్గర యజమానురాలు ఎదురైంది. కళ్లింకా తడిగానే ఉన్నాయి.

"ఆ గిన్నె దగ్గర ఆవిణ్ణి చూస్తుంటే మా అమ్మే గుర్తొచ్చిందండీ. ఇంత ప్రశాంతంగా కూర్చుని ఎన్నాళ్లయిందో. హాలు మీకే ఉంచేద్దామనుకున్నా. చక్కగా నడుస్తున్నదాన్ని మళ్లీ ఈ గోల ఎందుకు చేశారు?"



మరుసటి వారం నుంచి ఆ హాల్లో ధ్యానం క్లాసు నడుస్తోంది. అందరూ గోడకేసి చూస్తూ కదలకుండా కూర్చుంటారట, మధ్యలో ఒక్కరూ లేవరట.